ఇంగితమును వాక్కును: మూఁడు కావ్యఘట్టముల పరిశీలనము

మాటలాడకయే మనుష్యులు తమ తలంపుల నొండొరులకుఁ దెలుపుకొనుట లోకమున నిత్యము కనఁబడు విషయము. కనుబొమ్మ నెగురవైచి ప్రశ్నింతురు. తల యూఁచి సమ్మతింతురు. పెదవిపై వ్రేలుంచి యూరకుండుమని యాజ్ఞాపింతురు. క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దివాఁడని పండితు లెంచెడి పతంజలి, సమర్థసూత్రభాష్యమున, శబ్దప్రయోగము లేకయే కంటి సైగలచేతను చేతి కదలికలచేతను పెక్కర్థములు తెలియుచుండుట నెత్తి చూపెను. శబ్దశాస్త్రమునకుఁ బ్రమాణభూతుఁడైన యాచార్యుఁడే శబ్దము లేని వ్యవహారమును గూడ నంగీకరించుట గమనింపఁదగియున్నది.

ఈ యనుభవమునుండి విమర్శకులలో నొక యభిప్రాయము బయలుదేఱి నాటుకొన్నది. మాట బొంకును గాని యింగితము బొంకదు. మాట పైపూఁత, ఇంగితము లోని నిజము. కావున మాటచేఁ గాక యింగితముచేఁ దెలుపు కవియే మేలు అనునది దాని సారము. ఇందుఁ గొంత సత్యము లేకపోలేదు. కాని కొంత సత్యము పూర్తి సత్యముగాఁ జెల్లుబడి యగునప్పుడు కావ్యార్థమునకే హాని కలుగును. ఇంగిత మెంతవఱకుఁ జెప్పఁగలదు, ఎచట వాక్కు తోడు లేక నిలువఁజాలదు అను ప్రశ్నను తెలుఁగు కవుల మూఁడు ఘట్టములయందుఁ బరీక్షింపవచ్చును. అల్లసాని పెద్దన మనుచరిత్రమున వరూధినీప్రవరుల తొలి సమాగమ మొకటి. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యలుక రెండవది. తిక్కన యుద్యోగపర్వమున ద్రౌపది కృష్ణునితోఁ బలుకు సందర్భము మూఁడవది.

ముందుగా శాస్త్రకారుల నిర్ణయములను స్మరించుట యవసరము. తర్కసంగ్రహకర్తయుఁ దెలుఁగువాఁడునగు అన్నంభట్టు, 17వ శతాబ్దిలో, తన దీపికయందుఁ జేష్ట వేఱొక ప్రమాణము కాదనియు, శబ్దానుమానముల ద్వారముననే యది వ్యవహారమునకుఁ గారణమగుననియుఁ జెప్పెను. దీనినిబట్టి చేష్టను జూచువాఁడు రెండు త్రోవలలో నేదో యొకదానఁ బోవలెను. ముందే యేర్పడిన సంకేతముండెనేని, దాని వెనుక నున్న మాటను స్మరించును. లేనియెడల, పొగనుబట్టి నిప్పు నూహించునట్లు భావము నూహించును. హేతువు చాలనిచో నా యూహ హేత్వాభాసముగాఁ బరిణమింపక తప్పదు.

ఆలంకారికులు చేష్టకు మఱింత గౌరవ మిచ్చిరి. 9వ శతాబ్దివాఁడగు ఆనందవర్ధనుఁడు, వాచకము గాని గీతధ్వనికిని, శబ్దరూపమే కానట్టి చేష్టకును వ్యంజకత్వము కలదని చూపి, వ్యంజనావ్యాపారము అభిధకంటె వేఱని స్థాపించుటకు దానినే సాధనముగాఁ గొనెను. 11వ శతాబ్దిలో మమ్మటుఁడు, అర్థము వ్యంజక మగుటకుఁ దోడ్పడు వక్త, శ్రోత, కాకువు, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువానిని లెక్కించి, తుద నున్న 'ఆది' శబ్దముచేతఁ జేష్టను గ్రహించెను. పలుకువాఁ డెవఁడు, వినువాఁ డెవఁడు అనునవి యీ పట్టికలో మొదట నుండుటయుఁ, జేష్ట తుద నుండుటయు మఱవరానివి.

ఇచట నొక భేదమును గూడఁ బాటింపవలెను. చేతి సైగలన్నియు నింగితములు కావు. నాట్యమునందలి పతాకాదిహస్తములు సంకేతములు. నందికేశ్వరుని అభినయదర్పణము గీతమును కంఠముచేతను, దాని యర్థమును హస్తముచేతను నిర్వహింపుమన్నది. అనఁగా నా హస్తము పాటలోని మాట ననుసరించునదియే. బధిరులు చేతులతో నాడుకొను భాష యింతకంటెను స్వతంత్రమైనది. అమెరికా దేశపు బధిరుల హస్తభాషకుఁ దనదైన నిర్మాణము కలదని 1960లో విలియం స్టోకీ చూపిన పిమ్మట, అట్టి భాషలు ధ్వని లేని వాక్కులేయని భాషాశాస్త్రజ్ఞులు క్రమముగా నంగీకరించిరి. కావున నీ విచారమున 'ఇంగిత' మనఁగా సంకేతముతోఁ బని లేని చూపు, చెమట, కన్నీరు, మేని కదలిక మున్నగు సహజవికారములనే గ్రహింపవలెను.

మనుచరిత్రము శ్రీకృష్ణదేవరాయల (పాలనము 1509–1529) కంకితమైన కావ్యము. అందుఁ బ్రవరుఁడు సిద్ధుఁ డిచ్చిన పాదలేపము బలమున హిమవత్పర్వతముఁ జేరును. ఆ లేపము మంచునీటఁ గరఁగిపోఁగా, ఇలు చేరు త్రోవ గానక తిరుగుచుండును. అప్పుడు కస్తూరి వాసనతోడను గర్పూరతాంబూలపుఁ బరిమళముతోడను గూడిన గాలి యొకటి వీచును. అది యొక స్త్రీ యునికిని దెలుపు గాలియని కవియే చెప్పెను. ప్రవరుఁ డా గాలినిబట్టి యచట జనులు కలరని యూహించి యా దిక్కున కేఁగెను. ఈ యూహ తప్పలేదు. తాంబూలపుఁ బరిమళము మనుష్యుల యునికికిఁ జాలిన హేతువు. ప్రవరుఁడు లోకజ్ఞానము లేని మూఢుఁడు కాఁడనియు, హేతువునుండి సాధ్యమును సరిగా గ్రహింపఁగలవాఁడే యనియుఁ గవి యిచటనే సూచించినాఁడు. ఇఁకముందు జరుగు పొరపాటును వాని బుద్ధిమాంద్యమున కారోపింప వీలులేదు.

అతనిఁ జూచిన వరూధిని స్థితిని బెద్దన వర్ణించిన తెఱఁగు ప్రసిద్ధము. దేవతాస్త్రీలకు ఱెప్పపాటు లేదు, చెమట లేదు. అట్టి యామెకుఁ జూపు చలించెను, చెమట పుట్టెను, తెలివిని మోహభ్రాంతి తొలఁగించెను. భ్రమరమును భావించు కీటము భ్రమర మగునట్లు, మనుష్యుని భావించిన దివ్యాంగన మేన మానుషత్వమే తోఁచెనని కవి సమర్థించెను. ఇంతకంటె బలవంతమైన యింగితము తెలుఁగు కావ్యములం దరుదు. ఇది దాఁచఁదలఁచినను దాఁగునది కాదు, నటింపఁదలఁచినను వచ్చునది కాదు, దేహధర్మమే మాఱినది. ఇంగితము బొంకదను వాదమునకు దీనికి మించిన యుదాహరణము లేదు.

అయినను నీ యింగిత మెవ్వరి కొఱకు వెలువడినదో యతనికే తెలియలేదు. ఈ స్థితిలో నున్న యామెను డాసి ప్రవరుఁ డడిగిన ప్రశ్నయందు సంబోధనమే యరయఁదగినది. బెదరిన లేడి కన్నులు గలదానా యని పిలిచి, అడవిలోఁ దోడు లేక యొంటిఁ దిరుగుచున్న నీ వెవ్వతెవని యడిగెను. స్త్రీల కన్నులను లేడి కన్నులతోఁ బోల్చుట కవిసమయమే గావున, దీనిని వట్టి యలంకారముగాఁ దలఁచి దాఁటిపోవుట కలదు. కాని బెదరును దెలుపు విశేషణమును, ఒంటరితనమును గూర్చిన ప్రశ్నయు నొక్కచోటఁ గూడుటచే నొక యర్థము స్ఫురించుచున్నది: చలించుచున్న యా చూపును బ్రవరుఁడు భయముగాఁ జదివెను. చలించు చూపును జెమటయు మోహమున కెట్లో భయమున కట్లే యనుభావములు. అడవిలో నొంటిగా నున్న స్త్రీ క్రొత్త పురుషునిఁ జూచి బెదరినదని తలఁచుట గృహస్థధర్మపరుఁడగు బ్రాహ్మణునకు సహజము. కన్నది నిజము, కనుఁగొన్న యర్థము వేఱు.

వరూధిని వైపునఁ జూచినచో నింతకు విపరీతము జరిగినది. ప్రవరుఁడు తన పేరు చెప్పి, త్రోవ తప్పితిననియు, ఊరు చేరు మార్గము దెలుపుమనియుఁ గోరెను. ఆ మాటలలో గూఢార్థ మేదియు లేదు. ఇలు చేరవలెనను తొందర తప్ప వాని వెనుక మఱేమియు లేదు. కాని యామె వానిని మాటలుగా వినలేదు. అంతలేసి కన్నులుండఁగాఁ ద్రోవ నొరుల నడుగనేల, ఏకాంతమున నున్న పడుచులతోఁ బలుకఁగోరి పన్నిన నెపము గాక యని బదులాడెను. అనఁగాఁ బ్రశ్నను బ్రశ్నగాఁ గాక చేష్టగాఁ గొన్నది. వాచ్యమును ద్రోసిపుచ్చి లేని వ్యంగ్యమును గల్పించుకొన్నది.

ఇట్లొక్క నిమిషమున రెండు విపర్యయములు జరిగినవి. లేని యింగితమును వరూధిని మాటలోఁ జూచెను. ఉన్న యింగితమును బ్రవరుఁడు మేనఁ జూచియు వేఱుగాఁ గొనెను. ఇరువురును దమ తమ హృదయములనుండియే హేతువును దెచ్చుకొనిరి. కామించినదానికి ఱెండవవాని పలుకెల్లఁ గామముగాఁ దోఁచెను. ఇల్లే ధ్యానముగాఁ గలవానికి నెదుటి కలఁత భయముగాఁ దోఁచెను. మమ్మటుఁడు వక్తృశ్రోతృవైశిష్ట్యమును మొదటఁ బేర్కొనుట యెంత యుచితమో యిచట స్పష్టమగుచున్నది. ప్రవరుని నిష్ఠను గొనియాడుటకై వరూధినిని ధూర్తగా నిందించి విడుచుట న్యాయము కాదు. ఆమె తప్పిదము బొంకు కాదు, చదువరాని చోటఁ జదువుట. అదియుఁ గాక, యామె పిమ్మట మాయాప్రవరునిచేఁ జిక్కుటకు బీజ మిచటనే కలదు. పలుకును వీడి యాకారమును నమ్మిన యామెను, ఆ యాకారమునే ధరించి వచ్చిన గంధర్వుఁడు సులభముగా మోసపుచ్చెను. ఇంగితాకారములు బొంకవను విశ్వాసము ఫలము తృతీయాశ్వాసమున నిట్లు తేలినది.

పారిజాతాపహరణమున నడచిన తెఱఁగు వేఱు. నారదుఁ డొసఁగిన పారిజాతమును గృష్ణుఁడు రుక్మిణి కిచ్చెను. పువ్వు నిచ్చుట మాట లేని చేష్టయే. దానికి మాటను దొడిగినవాఁడు నారదుఁడు. ఆ మాటను సత్యభామ చెవి వేసినది చెలికత్తె. సత్య చూచినది పువ్వును గాదు, విన్నది పువ్వును గూర్చిన వ్యాఖ్యానమును. ఇచ్చువాని మనసులో నెంత యున్నను లేకున్నను, చేష్ట కర్థమును నిర్ణయించినవారు పరులైరి. చేతలు మాటలకంటె స్పష్టములని చెప్పువా రీ సన్నివేశమును మఱల నాలోచింపవలెను.

అలుక తీర్పవచ్చిన కృష్ణుఁడు శిరము వంచి మ్రొక్కఁగా సత్య యెడమకాలితోఁ ద్రోసిన ఘట్టమును గూర్చి యౌచిత్యచర్చ పెక్కు దినములనుండి కలదు. ఆ చర్చను విడిచి, యీ విషయమునకు వలసినంత మాత్రము చూతము గాక. తన్నుట యను చేష్ట కేవల మవమానముగా నిలిచియుండినచోఁ గథ యచటనే తెగిపోవలసినది. కృష్ణుఁడు వెంటనే మాట నందుకొనెను. దాసునిపైఁ బ్రణయకోపమునఁ దాఁచుట తనకు మన్ననయే యనియుఁ, బులకించిన తన మేని రోమములు ముండ్లవలెఁ దాఁకి యామె లేఁత పాదము నొచ్చెనేమో యనియుఁ బలికెను. క్షణము క్రిందట నవమానమైన చేష్ట యీ పలుకుచే మన్ననగా మాఱినది. చేష్ట జరిగిన పిమ్మట దాని యర్థము నింకను మార్పవచ్చుననియు, మార్చునది వాక్కేయనియుఁ దిమ్మన నిరూపించెను. ప్రవరునకుఁ గొఱఁతవడిన నేర్పు కృష్ణునియందు నిండుగా నున్నది. ఎదుటివారి యింగితమును జూచుట యొక్కటియే కాదు, దానికిఁ దగిన మాటను సమకూర్చుటయు నా నేర్పులోని భాగము.

వరూధిని యేడ్పును, సత్యభామ యేడ్పును, వసుచరిత్రమునందలి గిరిక యేడ్పును బండితులు సరిపోల్చి చూచుట వాడుక. ఆ పోలిక సాధారణముగా ధ్వనిమాధుర్యమును గూర్చినది. ఆ కన్నీ రెవ్వరితో నేమి చెప్పినదను ప్రశ్న యంతగా నడుగఁబడలేదు. వరూధిని కన్నీటిని జూచియుఁ బ్రవరుఁ డగ్నిదేవుని బ్రార్థించి వెడలిపోయెను. సత్య కన్నీటికిఁ బారిజాతవృక్షమే పెరటికి వచ్చెను. ఏడ్పు ఏడ్పే, అనుభావ మొక్కటియే, వినువాఁడు వేఱు. ఇంగితమునకుఁ దనంతఁ దాను ఫలమిచ్చు శక్తి లేదనుట కిదియొక నిదర్శనము.

తిక్కన ద్రౌపది మూఁడవ మార్గమును జూపుచున్నది. రాయబారమునకుఁ బోవనున్న కృష్ణునితో భీమాదులు గూడ సంధిమాటలే పలుకఁగా, ఆమె తన కేశపాశమును జేతఁ బట్టి చూపుచుఁ బలికెను. చూపిన వెండ్రుకలు సామాన్యములు కావు. దుశ్శాసనుఁడు సభకీడ్చునప్పుడు పట్టిన తల వెండ్రుకలు. ఆ వృత్తాంత మెఱిఁగిన వారికి మాట లేకయే యర్థము తెలియును. ఇంగితము మాత్రమే చాలునని వాదింపఁదగిన చో టేదేని కలదేని యిదియే. అయినను ద్రౌపది యూరకుండలేదు. ఆ వెండ్రుకలు వాని వ్రేళ్లఁ జిక్కి తెగిపోఁగా మిగిలినవని చెప్పి, కౌరవుల యెదుట సంధి పలుకువేళ వీనిని దలంపుమని కోరెను.

చేష్టయుండఁగా మాట యేల యన్న ప్రశ్నకు సమాధానము కాలమున నున్నది. వెండ్రుకలను జూపుట ప్రస్తుతమును జూపుట. తెలిసినవారికి భూతమును గొంత స్ఫురింపఁజేయును. కాని రేపు, కౌరవసభలో, సంధిమాట వచ్చునపుడు అను భవిష్యత్తును, షరతును జేయి చూపఁజాలదు. ఎదుట లేని చోటును, రాని కాలమును బట్టి తేఁగల శక్తి వాక్కునకే కలదు. చేష్ట మాటకు బరువునిచ్చెను. మాట చేష్టకు గుఱి నిచ్చెను. అందుచేతనే కృష్ణుఁడు సంశయము లేని ప్రతిజ్ఞతో బదులు చెప్పఁగలిగెను. ఈ మూఁడు ఘట్టములలో విపర్యయమునకుఁ జోటీయని సంభాష ణిదియొక్కటే.

ఇఁక నీ విచారము కావ్యశిల్పమునకు సంబంధించిన యొక చిక్కును విప్పుటకుఁ దోడ్పడును. నాట్యమున నింగితము కంటికిఁ గనఁబడును. కావ్యమున నదియు మాటలచేతనే చెప్పఁబడవలెను. రసమునుగాని స్థాయిసంచారులనుగాని పేరు పెట్టి చెప్పుట దోషమని మమ్మటుఁడు సప్తమోల్లాసమున విధించెను. ఇంగితపక్షమువారు నమ్ముకొన్న యాధార మిదియే. కాని యా దోషముల పట్టికయందే, విభావానుభావములను గష్టపడి యూహింపవలసివచ్చుటయు దోషమేయని కలదు. పేరు చెప్పుట యొక గోడ. చెప్పక యూహకు విడుచుట యెదుటి గోడ. కవి నడువవలసినది నడుమనున్న యిఱుకు సందు. అంతియ కాదు, సంచారిని స్వశబ్దముచేఁ జెప్పుట యొక్కొకచో దోషము కాదని యాతఁడే మినహాయించి, రత్నావళి నాందీశ్లోకము నుదాహరించెను. అందుఁ బార్వతి యౌత్సుక్యముచే త్వరపడెనని యున్నది. త్వర భయముచేతను గలుగవచ్చును. కావున వట్టి త్వరను జెప్పినచో నౌత్సుక్యము నిశ్చయముగాఁ దెలియదు. అందుచేఁ బేరు చెప్పుట యవసరమైనది.

ఈ సూక్ష్మమును బెద్దన పద్యమునకుఁ జేర్చి చూచినచో నతని కౌశలము బయలగును. వరూధిని చూపును, చెమటను జెప్పి యూరకుండక, మోహమును బేరెత్తి చెప్పెనేల యని యెవ్వరేని యాక్షేపింపవచ్చును. చూపు చలించుటయుఁ జెమటయు భయమునందును గలవు. వానిని బ్రవరుఁడు భయముగానే కొనఁబోవుచున్నాఁడు. అతఁడు కన్నంత మాత్రమే పాఠకుఁడును గన్నచోఁ బాఠకుఁడును నతనితోడనే పొరపడును. పేరు చెప్పుటచేఁ బాఠకునకుఁ దెలిసినది ప్రవరునకుఁ దెలియదు; ఆ యెడమునుండియే తరువాతి సంభాషణమందలి రసమెల్లఁ బుట్టుచున్నది. కావున నా పదము దోషము కాకపోవుటయే కాదు, ఘట్టమున కంతటికి నాధారము.

పాఠశాలలయం దీ పద్యములు చెప్పు పండితులకు దీనివలన నొక ప్రయోజనము కలదు. ప్రతిపదార్థము వ్రాయించునపుడు సంబోధనలను 'లేడి కన్నులవంటి కన్నులు గలదానా' యని యర్థము చెప్పించి విడుచుట సులభము. అంతటితో విడువక, పలుకువాఁ డేమి చూచి యిట్లు పిలిచెనని విద్యార్థి నడుగవలెను. భావము వ్రాయించునపుడు 'ఆమెకుఁ గోపము వచ్చెను', 'అతఁడు జాలి పడలేదు' అని తేల్చుటకు ముందు, ఏ చేష్టనుబట్టి యది తెలిసినది, ఆ చేష్ట మఱొక భావమునకుఁ జెల్లదా, చెల్లకుండఁ గవి యే మాట నుంచెను అను మూఁడు ప్రశ్నలను వేయవలెను. అప్పుడు పద్యము కంఠస్థ మగుటయే కాక కంటికిఁ గట్టును.

వాక్కు, ఇంగితము అను రెంటిలో నేది యధిక మను తగవు నిష్ఫలము. ఇంగితము కలదని చూపును, ఏదియో చెప్పదు. వాక్కు ఏదియో చెప్పును. కలదని నమ్మింప నింగితము తోడు కోరును. రెండును గలిసినచో ద్రౌపది కోరిక నెఱవేఱినది. ఒకదానిని రెండవది సవరించినచో సత్య యలుక తీఱినది. ఒకదానిని వేఱొకటిగాఁ గొన్నచో వరూధినికి వియోగమును వంచనయు మిగిలినవి. ఇంగితజ్ఞుఁడని లోకము మెచ్చుకొనువాఁడు కన్ను చూచి మనసు నూహించువాఁడు మాత్రమే కాఁడు. ఊహించిన దానిని మాట యడిగి సరిచూచుకొనువాఁడు.